ఇద్దఱు తల్లుల బిడ్డలు

సంస్కృతమున సోదరుడన్న మాట మిక్కిలి నిక్కచ్చియైనది. ఒకే యుదరమున పుట్టినవాడు సోదరుడు. సహోదరుడన్నను, సగర్భుడన్నను అర్థమదియే. తండ్రి యొకడై తల్లి వేఱైనచో ఆ భాష వానిని వైమాత్రేయుడని పిలిచి వేఱు పీటమీద కూర్చుండబెట్టును. మన తెనుగుమాట అంత కఠినమైనది కాదు. తోబుట్టువనగా తోడుగా పుట్టినది. ఎవరి కడుపున పుట్టినదని ఆ మాట యడుగదు. పిలుపులయందును ఆ భేదము లేదు. పెదతండ్రి బిడ్డలకును పినతల్లి బిడ్డలకును అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు అనునవే పిలుపులు. మా కోటపాడు ప్రాంతమున అక్కను అప్ప యందురు. సొంత యప్పకొక పిలుపును, పెదనాన్న కూతునకు మఱియొక పిలుపును మాకు లేవు. ఇంత మెత్తని భాష గల మనము "సవతి" యను నొక్క మాటను మాత్రము బిడ్డలమీద రుద్దినాము. అది సపత్ని యను మాటనుండి పుట్టినది. ఒక మగనిని పెండ్లియాడిన ఇద్దఱు స్త్రీల నడిమి మాట యది. దానిని అన్నకును చెల్లెలికిని అంటగట్టుట యేమి న్యాయమో మాకు తెలియదు.

పత్రికలలో మనల నందఱను "సోదరీమణులారా" యని సంబోధించుట చూచినపుడెల్ల మాకు నవ్వు వచ్చుచుండును. వేయి కడుపుల బిడ్డలను ఒక్క కడుపున చేర్చు సౌజన్యము పత్రికలవారికి కలదు. ఒక్క తండ్రి బిడ్డలను చేర్చుకొనుటకు మన యిండ్లలో మనసు చాలదు.

ఒక మగనికి ఇద్దఱు భార్యలుండుట చట్టరీత్యా పోయినది. మదరాసు రాష్ట్రమున 1949లోను, దేశమున 1955 నాటి హిందూ వివాహ చట్టముతోను హిందువులకది నిషిద్ధమైనది. ఆ చట్టములు తీసివేసినది సవతులను; ఇద్దఱు తల్లుల బిడ్డలను కాదు. భార్య పోయిన మగడు మఱల పెండ్లాడును. విడాకులైనవారు పెండ్లాడుదురు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించి తెఱచిన త్రోవను, బిడ్డలు గల తల్లులును ఇప్పుడు నడచుచున్నారు. కావున తల్లి యొకతెయై తండ్రులు వేఱైన బిడ్డలును మన యిండ్లలో పెరుగుచున్నారు. పురాణములకిది క్రొత్తగాదు. వ్యాసుడును విచిత్రవీర్యుడును సత్యవతి బిడ్డలే. తండ్రులు మాత్రము వేఱు.

మా పల్లెలలో మఱియొక వాడుక కలదు. భార్య పసిబిడ్డలను విడిచి పోయినచో ఆమె చెల్లెలినో, చెల్లెలి వరుసయగు దానినో తెత్తురు. పిన్ని యెటులును పిన్నియే గనుక బిడ్డలకు పిలుపు మార్చుకొనవలసిన పని లేదు. ఈ వాడుకను పట్టణపు చదువరులు వెక్కిరింతురు. కన్నెపిల్ల ఇష్టమును ఎవరును అడుగరని వారు చెప్పు మాట నిజమే. అది మాకును కష్టముగానే యుండును. కాని బిడ్డల పక్షమున చూచినచో దానిలో కొంత మంచి కలదని కూడ చెప్పక తప్పదు.

ఇట్టి యిండ్లలో పొరపొచ్చెములు వచ్చినపుడు ఊరివారు "ప్రేమ లేదు" అని ఒక్క మాటలో తేల్చివేయుదురు. మాకట్లు తోచదు. ప్రేమ చాలినంత యున్న యిండ్లలోనే తగవులు పుట్టుట మేము చూచితిమి. అచట లోపించినది ప్రేమ కాదు, లెక్క. ఏ తల్లి సొమ్మేది, ఎవరికేమి ముట్టినది, ఎవరికింకను రావలసినదేది అను లెక్కను పెద్దలు బిడ్డలందఱి యెదుట విప్పి చెప్పరు. చెప్పినచో మనసులు విఱుగునని వారి భయము. చెప్పకుండుటచేతనే విఱుగుచున్నవి.

లెక్క యన్న మాట విని నొసలు చిట్లింపవలదు. భారతమున అన్నదమ్ముల ప్రేమకు శిఖరమని చెప్పదగిన ఘట్టము లెక్కయే గదా. అరణ్యపర్వశేషమున, ఎఱ్ఱన తెనుగు చేసిన భాగమున, తమ్ములు నలువురును కొలనియొడ్డున పడియుందురు. యక్షుని ప్రశ్నలకెల్ల ధర్మరాజు బదులు చెప్పినపిదప, ఒక్కని మాత్రము బ్రదికించెదను, కోరుకొమ్మని యక్షుడనును. ఎదుట భీముడున్నాడు, అర్జునుడున్నాడు. రాజ్యము మఱల గెలువవలెనన్న వారే కావలెను. పైగా తన తల్లి కడుపున పుట్టినవారు. ధర్మరాజు నకులుని కోరుకొనును. కుంతి బిడ్డలలో తానొకడు మిగిలియున్నాడు గనుక మాద్రి బిడ్డలలోను ఒకడు మిగులవలెనని ఆయన చెప్పిన కారణము. మాద్రి అప్పటికెన్నడో చితి యెక్కినది. అడుగువారు లేరు, చూచువారు లేరు. చనిపోయిన పినతల్లి పేరిట ఒక పద్దు తెఱచి యుంచి, సమయము వచ్చినపుడు దానిని తీర్చినాడు. మా తాతగారు ఈ ఘట్టమును మాచేత చదివించినపుడు దీనిని ధర్మమని చెప్పిరి. సంసారములోనికి వచ్చిన తరువాత మాకిది ఇంటి జమాఖర్చుగా కూడ కనబడుచున్నది.

ఆ కుంతియే దాచిన మఱియొక లెక్క ఫలితమెట్టిదో అందఱెఱిగినదే. కర్ణుడు అన్నయని పాండవులకు తెలియునప్పటికి అతనికి తర్పణము విడువవలసిన వేళయైనది. దాచిన దొక్కతె. ఆడువారి నోట రహస్యము నిలువకుండుగాక యను ధర్మరాజు శాపము మాత్రము మన కందఱకును తగిలినది. ఇందులో న్యాయమెంతయో పాఠకురాండ్రే చెప్పవలెను.

రాజుల యిండ్లలో ఈ లెక్క కత్తులతో తేలెడిది. నన్నయచేత భారతమును తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడు 1022లో వేంగీ సింహాసనమున పట్టాభిషిక్తుడయ్యెను. ఆయన తల్లి కుందవ్వ, చోళరాజు కూతురు. తండ్రి విమలాదిత్యునికి వేఱు భార్యయందు పుట్టిన విజయాదిత్యుడు ఆ సింహాసనముకొఱకు బ్రతుకంతయు పోరెను. ఒకరి వెనుక చోళులు, ఒకరి వెనుక పశ్చిమ చాళుక్యులు నిలిచిరి. 1061లో రాజరాజు పోయినపిమ్మట వేంగి విజయాదిత్యుని చేతికే చిక్కినది. దాయాదుల పోరును గుఱించిన కథను తెనుగున వినగోరిన రాజు ఇట్టివాడు. ఏమి తలచి వినగోరెనో యని మేము పలుమాఱు అనుకొనుచుందుము.

మాకు చేరువనున్న కథ పద్మనాభమునది. విజయనగర సంస్థానమున విజయరామరాజు పిన్నవయసున గద్దె నెక్కెను. సవతియన్నయగు సీతారామరాజు దివానై చాల యేండ్లు పెత్తనమంతయు తానే చేసెను. తమ్ముడు పెద్దవాడైన తరువాత ఇరువురకు పొసగలేదు. ఆ యింటి తగవులోనికి కుంఫిణీవారు పలుమాఱు చేయి పెట్టిరి. 1794 జూలై 10వ తేదీన పద్మనాభమున కుంఫిణీ సేనకెదురు నిలిచి విజయరామరాజు కూలెను. ఆ పోరునకు సవతితగవే కారణమని మేమనము. పేష్కషు బాకీ మొదలైన కారణములు వేఱు కలవు. ఇల్లు రెండుగా చీలియున్నపుడు బయటివాడు లోనికి వచ్చుట సులభమని మాత్రము ఆ కథ విన్నవారికి తోచును.

మన యిండ్లలో బయటివాడు కుంఫిణీవాడు కాడు. వీధి యరుగుమీద కూర్చుండి, ఆడుకొనుచున్న పిల్లను దగ్గఱకు పిలిచి, తల నిమిరి, "పాపము, తల్లి లేని బిడ్డ; పిన్ని అన్నము సరిగా పెట్టుచున్నదా?" అని యడుగు పుణ్యాత్మురాలు. ఆ పిల్ల అంతవఱకు తన కంచములో అన్నమెంతయున్నదో చూచుకొని యెఱుగదు. ఆ రాత్రి చూచుకొనును. ప్రక్కవాని కంచమునుకూడ చూచును. మంథర మాటలకు కైక యంతటిది లోబడినది. ఎనిమిదేండ్ల పిల్ల లోబడుటలో వింతయేమి? ఇట్టి పరామర్శలు చేయువారిని గడప దాటనీయరాదని మా యభిప్రాయము. జాలి యను పేరిట చేయు కీడు కోపముతో చేయు కీడుకంటె ఎక్కువ కాలము నిలుచును.

ధ్రువుని కథలో అందఱకును జ్ఞాపకముండునది తండ్రి యొడి. తమ్ముడైన ఉత్తముడు కూర్చున్న యొడిలో తానును కూర్చుండబోగా పినతల్లి సురుచి త్రోసిపుచ్చినది. మేము ఆ ఘట్టమును చదువునపుడు సురుచికంటె ఉత్తానపాదుని మీదనే కోపము తెచ్చుకొందుము. ఆమె యన్నది, ఆయన విని యూరకుండెను. అయిదేండ్ల బిడ్డ అడవికి పోయినది ఆ మాటకు మాత్రమే కాదు, ఆ మౌనమునకును. తరువాతి కథను చాలమంది మఱచియుందురు. ధ్రువుడు రాజైన పిమ్మట ఉత్తముడు వేటకు పోయి యక్షునిచేత చచ్చెను. ఆ వార్త విని ధ్రువుడు యక్షుల నగరముపైకి ఒంటరిగా దండెత్తి, తాతయైన స్వాయంభువ మనువు వచ్చి వారించువఱకు పోరెను. ఒడిలో తన చోటు దొరకలేదన్న కోపము తమ్మునిమీద లేదు. ఎందుకుండవలెను? కూర్చున్న పిల్లవాని తప్పేమి?

అమెరికాలో కోవల్, క్రేమర్ అను నిరువురు పరిశోధకురాండ్రు పదునొకండు మొదలు పదుమూడేండ్ల వఱకు వయసుగల పిల్లలను ప్రశ్నించి 1997లో ఒక వ్యాసము ప్రకటించిరి. తల్లిదండ్రులు ఒకరిని ఒక విధముగను, మఱియొకరిని వేఱొక విధముగను చూచుట పిల్లలు గమనింతురు. గమనించినను అన్నివేళల నొచ్చుకొనరు. చిన్నవాడు గనుక, జబ్బుగా నున్నది గనుక అని కారణము వారికి బోధపడినచో అది న్యాయమేయని యొప్పుకొందురు. అట్లు ఒప్పుకొన్న పిల్లలకు తోబుట్టువులతో పొత్తు బాగుగా నుండెనని ఆ పరిశోధన తేల్చినది. వారు సవతిబిడ్డలను గుఱించి ప్రత్యేకముగా వ్రాయలేదు గాని, ఇద్దఱు తల్లులున్న యింట ఈ మాట రెండింతలు నిజమని మా యనుభవము. చిన్నవానికి పాలు, పెద్దవానికి మజ్జిగ పోసినపుడు "వాడు పసివాడు, పాలు తక్కువగా నున్నవి" అని ఒక్క మాట చెప్పుటకు ఎంత సేపు పట్టును? చెప్పనిచో పెద్దవాడు తనంతట తానే ఒక కారణము వెదకుకొనును. వాని కది ఎప్పుడును ఒక్కటే కారణము.

చనిపోయిన తల్లి సంగతి యింట ఎత్తరాదను నియమము కొందఱు పెట్టుకొందురు. క్రొత్తగా వచ్చినామెకు కష్టముగా నుండునని పటమును అటకమీదికి చేర్తురు. బడిలో చేర్పించు కాగితముమీద తల్లిపేరు వ్రాయవలసి వచ్చిననాడు బిడ్డకు అది నలుగురి నడుమ తెలియును. మా వారు బడిపంతులుగనుక ఇట్టి ముఖములను ఏటేట చూచుచుందురు. మా యింట అట్లు జరుగలేదు. మా అత్తగారు కాపురమునకు వచ్చిన మొదటి వారముననే అక్క పటమును తానే తుడిచి దేవుని గూటి ప్రక్కన పెట్టిరట. తన బిడ్డలకు మాటలు రాగానే ఆమెను "పెద్దమ్మ" యని చూపించిరి. తద్దినమునాడు గారెలకు పప్పు రుబ్బుట చిన్న యాడుబిడ్డ వంతు. చూడని యామెకు ఒక వరుస కల్పించి, ఆమెను అందఱ చుట్టముగా చేయుటకంటె తెలివైన పనిని మేమెచటను చూడలేదు.

ఇంత తెలిసిన అత్తగారి యింటనే తగవు తొమ్మిదేండ్లు నిలిచినది. దానిని గుఱించి వ్రాయవలెననియే కలము పట్టితిమి.

మా వారికి రెండవయేట తల్లి పోయినది. ఆయన యప్పకు, అనగా మా వదినగారికి, అప్పుడు ఏడేండ్లు. మఱుసటి యేడు మామగారు పోయినామె పినతండ్రి కూతురిని పెండ్లాడిరి. ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు. నలువురును ఒక్క చూరుక్రింద పెరిగిరి. గానుగ యాడు దినములలో పెనములోని వేడి పాకమును అరటియాకున పోయించుకొని, ఆఱీయాఱకముందే నలువురును వ్రేళ్లు కాల్చుకొన్న సంగతి ఇప్పటికిని మా యింట చెప్పుకొందురు. పెద్దామె ముందుగా ఊది తమ్ముల నోట పెట్టెడిదట. కడసారపు పిల్లకు జడ వేయుట, బడికి చేయి పట్టుకొని పోవుట ఆమె పనియే. ఇచట ప్రేమ లేదని యెవరనగలరు?

మొదటి యత్తగారి బంగారము పదునైదు తులములు. అందులో కాసులపేరు ఐదు; గాజులు, వంకీలు, గొలుసు కలిసి పది. వదినగారి పెండ్లినాటికి చెఱకు బాగుగా పండినది. అనకాపల్లి బజారున బెల్లము మంచి ధరకు పోయినది. మామగారు క్రొత్త నగలే చేయించి పెట్టిరి. పాత నగల పెట్టె తెఱువలేదు. చిన్న కూతురి పెండ్లినాటికి పరిస్థితి వేఱు. రెండేండ్లు వరుసగా పంట పోయినది. ఆయన ఎవరితోను చెప్పక కాసులపేరును కంసాలియొద్దకు కొనిపోయి, కరగించి, హారము చేయించిరి. ఈ సంగతి వదినగారు పెండ్లిపందిటిలో ఒక ముత్తైదువ నోట వినిరి. అప్పగింతలు కాకుండనే బండి కట్టించుకొనిరని అనుటకు ఇప్పుడు బండ్లు లేవు. ఆటో పిలిపించుకొని వెడలిపోయిరి.

ఆమె తగవులాడలేదు. తగవులాడియున్న మేలుగా నుండెడిది. ఏటేట కార్తిక శుద్ధ విదియనాడు భగినీహస్త భోజనమునకు మా వారికి పిలుపు వచ్చెడిది, మఱిదికి రాదు. తమ్మునికి లేని భోజనము తనకు వలదని ఈయన పోరు. అట్లు తొమ్మిది కార్తికములు అప్ప చేతి యన్నము ఇద్దఱకును లేకపోయినది. మఱిది పెండ్లిలో పెద్ద యాడుబిడ్డ లాంఛనములకు ఆమె రాలేదు. "నీవైనను కూర్చుండుము, నీవును ఆడుబిడ్డవే" యని బంధువులు చిన్నామెను పట్టుపట్టిరి. "అప్ప పీట యది" యని ఆ పిల్ల కూర్చుండలేదు. ఆ పీట కడవఱకును ఖాళీగానే యుండెను.

మూడేండ్ల క్రిందట మామగారు వీలునామా వ్రాయకయే కాలము చేసిరి. స్వార్జితమైన రెండున్నర యెకరముల భూమి పంచుకొనవలసి వచ్చినది. సంతకము కావలెను గనుక వదినగారు రాక తప్పలేదు. చోడవరములోని ఒక వకీలుగారి యొద్ద అందఱమును కూడితిమి. ఈ వయసువఱకు మేము స్మృతులు కొంత చదివితిమి గాని నేటి చట్టమును ఇంత శ్రద్ధగా వినుట అదియే మొదటిసారి. పాఠకురాండ్రకు పనికివచ్చునని ఆ సంగతులు వ్రాయుచున్నాము.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము తండ్రి స్వార్జితమునకు, వీలునామా లేనిచో, మిగిలిన భార్యయు కొడుకులును కూతుళ్లును సమభాగులు. ఏ భార్య బిడ్డలన్న భేదము దానిలో లేదు. మాకు భాగములైదు; తలకు ఏబది సెంట్లు. ఇది అందఱకును తెలిసినదే. వదినగారు అప్పుడు నెమ్మదిగా, "మా అమ్మ నగల సంగతి కూడ చెప్పుడు" అనిరి. గదిలో ఎవరును కదలలేదు. తొమ్మిదేండ్లకు ఆ మాట పైకి వచ్చినది.

వకీలుగారు కాగితము తీసి లెక్క వేసిరి. వీలునామా లేక స్త్రీ పోయినచో ఆమె సొమ్ము కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు సమముగా చెందును. పదునైదు తులములకు ముగ్గురు, తలకు ఐదు. అనగా మామగారికి ఐదు తులములమీద హక్కు కలదు. ఆయన కరగించినది సరిగా ఐదు తులములే. తన భాగమును తన కూతురికి పెట్టుకొనెను. మిగిలిన పది వదినగారికిని మా వారికిని చెందును. అత్తగారికిని ఆమె బిడ్డలకును అందులో ఏమియు లేదు. అత్తగారు ఆ సాయంకాలమే పెట్టె తెఱచి, పసుపుగుడ్డలో కట్టియుంచిన పది తులములను చాపమీద పెట్టిరి. ముప్పది యేండ్లకు పైగా ఆమె వానిలో ఒక్క గాజునైనను చేతికి తొడిగియుండలేదు. మామగారు చట్టమెఱిగి ఆ పని చేసిరని మేమనుకొనము. పంట పోయిన తండ్రికి చేతికందినది తీసికొనిరి. పనిలో తప్పు లేదు. పెండ్లికి నెలముందు పెద్ద కూతురిని పిలిచి ఒక్క మాట చెప్పకపోవుట తప్పు.

లెక్క సరిపోయినది గాని వదినగారి ముఖము విప్పారలేదు. "తూకము కాదమ్మా. అది మా అమ్మ మెడలోనిది" అని మాతో అనిరి. దీనికి వకీలుగారి కాగితమున జవాబు లేదు. తులములకు తులములు సరిపోవును. మెడలోని వస్తువునకు బదులు లేదు. ఇద్దఱు తల్లుల యిండ్లలోని పెద్దలు ఈ భేదమును మఱువరాదు. అమ్మవలసి వచ్చినపుడు పొలము నమ్ముడు, గొలుసు నమ్ముడు. తల్లి నిత్యము ధరించినదానిని కరగించుటకు ముందు ఆమె బిడ్డ నడుగుడు.

చట్టమంతయు మెత్తనిది కాదు. తోబుట్టువు వీలునామా లేక, భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు లేక పోయినచో, ఒక తల్లిదండ్రుల బిడ్డలుండగా సవతి తోబుట్టువులకు ఏమియు రాదు; నిండు రక్తమునకే మొదటి హక్కు. మా మఱిది యది విని, "అయితే నాకు పెండ్లి కాకుండ నేను పోయియుంటినా, అప్పకు చిల్లిగవ్వయు లేదన్నమాట" అని నవ్వెను. అత్తగారు వాని నోరు మూయించిరి. తరువాత ఆమె యడిగిన ప్రశ్నకు మాత్రము ఎవరును నవ్వలేదు. "నాకు వచ్చిన ఏబది సెంట్లు నా తరువాత నలువురికిని పోవును గదా?"

పోదు. సవతితల్లి సొమ్మునకు ఆమె కడుపున పుట్టినవారే మొదటి వారసులు. సవతిబిడ్డలు ఆమె భర్త వారసులుగా, వీరెవరును లేనపుడు మాత్రమే వత్తురు. చట్టములో కొడుకులనగా సవతికొడుకులు కారని 1987లో సర్వోన్నత న్యాయస్థానము కూడ చెప్పియున్నది. పెంచినామె యిష్టము వేఱైనచో ఆమె వ్రాసి యుంచవలసినదే. వీలునామాకు ఇద్దఱు సాక్షుల సంతకములు కావలెను. రిజిస్టరు చేయించుట నిర్బంధము కాకున్నను చేయించుటయే మేలు.

"అయితే వ్రాయుడు" అని అత్తగారు అనిరి. నలువురి పేరులును పెద్దామె మొదలుగా వరుసగా చెప్పిరి. పండ్రెండున్నర సెంట్ల భూమికి వెలయెంత? వదినగారు చాలసేపు కిటికీవైపు చూచుచు కూర్చుండి, "పిన్నీ, ఆ చెక్క గట్టుమీద తాటిచెట్లు మూడో నాలుగో?" అని యడిగిరి. ఆ రాత్రి ఆమె చోడవరమునుండి తిన్నగా తమ యూరికి పోలేదు. కోటపాడున మా యింట పండుకొనిరి. ఇరువురును ఏమి మాటలాడుకొనిరో మాకు తెలియదు. తెల్లవాఱుజామున లేచి చూడగా అత్తగారు ఆమెకు తల దువ్వుచుండిరి. ఆమెకు నలుబది రెండేండ్లు.

అంతయు చక్కబడినదని వ్రాసినచో అది కథ యగును. మామగారి పటమునకు వదినగారు ఇప్పటికిని దండ వేయరు. ఆయనతో తేల్చుకొనవలసినది ఆయన యుండగా తేల్చుకొనలేకపోతినని ఆమె బాధ కావచ్చును. అడుగుటకు మాకు సాహసము లేదు.

నిరుడు ఆమె కూతురి పెండ్లి చోడవరమున, స్వయంభూ విఘ్నేశ్వరుని దర్శించుకొని వచ్చిన పిమ్మట జరిగినది. పెండ్లికూతురిని ముస్తాబు చేయుచున్న గదిలోనికి చిన్న యాడుబిడ్డ వచ్చి, తన మెడలోని హారమును తీసి, ఎవరినడుగక ఆ పిల్ల మెడలో వేసినది. వదినగారు తమలపాకులు లెక్క పెట్టుచుండిరి. తలయెత్తి చూచి, ఆ హారమును చేతిలోనికి తీసికొని కొంతసేపు పట్టుకొని, "ఇంత బరువు మోయుచు అమ్మ పొయ్యివద్ద ఎట్లు కూర్చుండెడిదో" అనిరి. "నాన్న తూకములో మోసపోలేదప్పా" అని చిన్నామె యన్నది. ఇద్దఱును నవ్విరి.

పదునాఱు రోజుల పండుగ కాగానే హారము మఱల చిన్నామె పెట్టెకు చేరినది. ఈ కార్తికమున విదియ భోజనమునకు అన్నదమ్ము లిరువురకును పిలుపు వచ్చినది. మా మఱిదికి ఆనాడు సెలవు దొరకునో లేదో యని పది దినములనుండి ఇల్లంతయు గోల పెట్టుచున్నాడు.